సముద్రంలో ఉప్పు ఎక్కువ

ఎక్కడో ఒక జిల్లాలో, ఒక హాస్టల్లో, సాంబారు పాడైంది. పిల్లలకేం కాలేదు. ఆ పిల్లలు గడుగ్గాయిలు, వాసన చూసి గిన్నెడూ కిటికీలోంచి కుమ్మరించేశారు. ఖర్మకాలి ఆ కిటికీ కింద తనిఖీకొచ్చిన పెద్ద అధికారి నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకుని మరీ ఉన్నాడు. ఇంకేముంది, రాజధానిలో మూడు రోజులు మీటింగుల మీద మీటింగులు జరిగి, నాలుగో రోజున ఉత్తర్వు వెలువడింది.

"ప్రభుత్వ ఆధ్వర్యమున ఆహారము అందజేయబడు ప్రతి సంస్థయందును, సదరు ఆహారమును లబ్ధిదారులకు వడ్డించుటకు అరగంట ముందుగా బాధ్యతగల అధికారి రుచి చూచి, తన అభిప్రాయమును రిజిస్టరునందు నమోదు చేయవలెను. లోపము కనుగొనబడినచో తక్షణమే సవరించవలెను. ఇందుకు ఎట్టి మినహాయింపులును లేవు."

ఆ చివరి వాక్యం ఎవరు కలిపారో గానీ, వాళ్ళ ఇల్లు బంగారం గానూ, రాష్ట్రమంతా అల్లకల్లోలమైపోయింది. పట్టుపురుగుల కేంద్రంలో సూపరింటెండెంటు మల్బరీ ఆకు నమిలి "లేతగా ఉంది, కొంచెం వగరు" అని రాశాడు. పశువుల ఫారంలో డాక్టరుగారు పొద్దున్నే దాణా తిని, మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకుపోయాడు. కోళ్ళ ఫారంలో ఒకావిడ నూకలు నమిలి పన్ను విరగ్గొట్టుకుంటే, ఆ పన్నుని రిజిస్టరుకి జతపరచమన్నారు.

అలా తిరిగి తిరిగి ఆ కాగితం ఒక మంగళవారం పొద్దున్న గాలిపేట చేరింది.

గాలిపేటలో సముద్రం ఒడ్డునే ప్రభుత్వం వారి సముద్ర దోసకాయల హేచరీ ఉంది. పేరులో దోసకాయ ఉంది కదా అని పప్పులో వేసుకునేరు, అది జంతువు. జానెడు పొడుగు, మెత్తటి ఒళ్ళు. సముద్రం అడుగున ఇసకా బురదా నాకుతూ ఎవరి జోలికీ పోకుండా బతుకుతుంది. దాని జోలికే అందరూ పోయారు. పట్టి పట్టి, ఎండబెట్టి, ఓడలెక్కించేసి, చివరికి వెతికినా కనపడకుండా చేశారు. ఇప్పుడు పట్టుకుంటే జైలే. అందుకని ప్రభుత్వం పదకొండు పెద్దవాటిని ప్రత్యేక అనుమతి మీద తెచ్చి, వాటిచేత పిల్లల్ని పెట్టించి, సముద్రంలో వదలాలని సంకల్పించింది. ఆ పదకొండూ రెండేళ్ళపాటు కదలకుండా పడుకుని, రెండేళ్ళ తరవాత ఒక్కసారి గుడ్లు పెట్టాయి. లక్షా ఇరవై వేల పిల్లలొచ్చాయి. మళ్ళీ ఎప్పుడు పెడతాయో, అసలు పెడతాయో లేదో, ఆ భగవంతుడికీ ఆ పదకొండింటికే తెలియాలి.

ఆ లక్షా ఇరవై వేలమందికీ అన్నం పెట్టే మనిషి మైలపల్లి నూకరత్నం. పుట్టింది గాలిపేటలోనే. చదివింది ఏడో తరగతి. ఇరవై ఒక్క ఏళ్ళు రొయ్యల హేచరీల్లో ఆల్గే పెంచింది. ఆల్గే అంటే నీళ్ళలో పెరిగే నాచు, కంటికి కనపడనంత సన్నం, ఫ్లాస్కులో చూస్తే పల్చటి చారులా గోధుమరంగులో ఉంటుంది. పిల్లలు తినేది అదే. నూకరత్నం ఫ్లాస్కుని వెలుగుకి పెట్టి రంగు చూసేది, మూత తీసి వాసన చూసేది, "ఇయ్యాల బాగుందిలే" అనుకునేది. పెట్టేముందు మైక్రోస్కోపులో ఒక్కొక్క ట్యాంకు పిల్లల కడుపు చూసేది. ఒళ్ళంతా గాజుపెంకులా తేటగా ఉంటుందేమో, తిన్నది కడుపులో బంగారు చుక్కలా కనపడిపోతుంది. చుక్క ఉంటే ఆగేది, లేకపోతే పెట్టేది. ఆవిడ పద్ధతి అంతే. నాలుగు ట్యాంకులు, ట్యాంకుకి ముప్ఫై వేలు, పుట్టిన అయిదో రోజుకి ఒక్కటి కూడా పోలేదు.

హేచరీ అధికారి ముక్తేశ్వరరావు సముద్రజీవుల మీద డాక్టరేటు చేసినవాడు. మంచివాడే పాపం. కానీ పైనుంచి కాగితం వస్తే చాలు, కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ ఉత్తర్వు పట్టుకుని ఆల్గే గదిలోకి వచ్చాడు.

"నూకరత్నం, రేపట్నించి మన మేత రుచి చూడ్డానికి అధికారి వస్తున్నాడు."

"ఎవరి మేతండి?"

"పిల్లల మేతే."

"ఆయనకేమన్నా జబ్బాండి?"

ముక్తేశ్వరరావు కాగితం మడతపెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున్నే జిల్లా రుచి పరిశీలనాధికారి చెంచురామయ్య జీపు దిగాడు. ఇరవై రెండేళ్ళు హాస్టళ్ళలో పప్పూ చారూ రుచి చూసి పండిపోయిన మనిషి. నాలిక మీద వేసుకుంటే కందిపప్పు ఈ ఏటిదో నిరుటిదో చెప్పేస్తాడని ప్రతీతి. జేబులో కలం ఉన్నట్టే సొంత చెంచా ఉంటుంది. కుర్చీలో కూర్చుని, రుమాలు పరుచుకుని, చెంచా తుడుచుకున్నాడు.

"ప్రవేశపెట్టండి."

నూకరత్నం బీకరు తెచ్చి ముందుపెట్టింది. ఆయన ఒక చెంచాడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, అటు బుగ్గకీ ఇటు బుగ్గకీ తిప్పి మింగాడు. మొహంలో ఏమీ కనపడలేదు. మింగాక అరగంట ఆగాలి కదా, ఆయనకేమీ కాలేదని తేలాలి కదా, గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. అరగంట కాగానే రిజిస్టరు తెరిచి రాశాడు.

"ఉప్పు ఎక్కువ."

ముక్తేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అది సముద్రపు నీళ్ళండీ."

"అయితే?"

"సముద్రం ఉప్పగా ఉంటుందండీ."

"సముద్రానికి ఉండొచ్చు. అది మన శాఖ పరిధిలో లేదు. ప్రభుత్వ ఆహారానికి ఉండకూడదు. లోపము కనుగొనబడినచో?"

"తక్షణమే సవరించవలెను," అన్నాడు ముక్తేశ్వరరావు, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు.

నూకరత్నం చేతులు జోడించింది. "బాబుగారూ, మీకు దణ్ణవెడతానండి. మంచినీళ్ళు తగిల్తే పిల్లలు చచ్చిపోతారండి."

"అమ్మా, ఉప్పు ఎక్కువైతే బీపీ వస్తుంది. లేతవయసులోనే జాగ్రత్తపడాలి. ఈ విషయంలో భావోద్వేగాలకి తావులేదు."

నూకరత్నం నెత్తీ నోరూ కొట్టుకుంది. ముక్తేశ్వరరావు బతిమాలగా బతిమాలగా, ప్రయోగాత్మకంగా ముందు ఒక్క ట్యాంకులోనే సవరించడానికి చెంచురామయ్య ఒప్పుకున్నాడు. నాలుగో ట్యాంకు మీద వేటు పడింది. ఉప్పులేని మేత పోశారు. చెంచురామయ్య ట్యాంకులో చెంచా ముంచి చూసి, "ఇంకా ఉప్పగానే ఉందే!" అన్నాడు. వడ్డించిన చోటే ఉప్పు కలుస్తోందని కనిపెట్టాడు. మంచినీళ్ళ గొట్టం తెప్పించి ట్యాంకులోకి వదిలించాడు. చెంచా ముంచడం, చప్పరించడం, "ఇంకొంచెం" అనడం. ముప్పావుగంటకి "ఊఁ, ఇప్పుడు కుదిరింది" అన్నాడు.

మధ్యాహ్నానికి నాలుగో ట్యాంకు అడుగున పల్చటి తెల్ల పొర పేరుకుంది. నూకరత్నం ఒక్క చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఏదీ కదల్లేదు. బంగారు చుక్కలు చెదిరిపోయి ఉన్నాయి. ఆవిడకి ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరవాత కోపమొచ్చింది, వచ్చి జీపు దగ్గరికి పరిగెత్తింది.

"ఒక్కసారొచ్చి ఆ అద్దంలో చూడండి బాబూ! ముప్ఫై వేలండి! ఒక్కసారి చూసెళ్ళండి!"

చెంచురామయ్య మర్యాదగానే చెప్పాడు. "నా పరిధి ఆహారం వరకేనమ్మా. తినేవాళ్ళు వేరే విభాగం."

ఆ రాత ఏమి రాత! సాయంత్రం నివేదికలో "ఉప్పు తగ్గించిన పిమ్మట నాలుగో ట్యాంకు లబ్ధిదారుల నుండి ఎట్టి ఫిర్యాదులును లేవు. ప్రయోగము సఫలము. మిగిలిన మూడు ట్యాంకులకును వర్తింపజేయవచ్చును" అని రాసి పంపించాడు.

నూకరత్నం ఇంటికెళ్ళి, అన్నం కలుపుకుని, తినలేక కంచం వంక చూస్తూ కూర్చుంది. కంచంలో చారు ఉంది. గోధుమరంగు, పల్చగా, తేటగా. చాలాసేపు చూసింది. తరవాత గబగబా తినేసింది.

మర్నాడు పొద్దున్న చెంచురామయ్య ముందుకి అదే బీకరు వచ్చింది. అదే రంగు. ఆయన చెంచాడు నోట్లో పోసుకుని కళ్ళు మూశాడు. కళ్ళు తెరిచి ఇంకో చెంచాడు పోసుకున్నాడు. అరగంట తరవాత రిజిస్టరులో "ఉప్పు సవరించబడినది. మిరియము, ఇంగువ సమపాళ్ళలో ఉన్నవి. ఆహారము శ్రేష్ఠము" అని రాశాడు. ఆహారం బాగుందన్నాక ఇక ట్యాంకుల జోలికి పోవాల్సిన పని ఆయనకి లేదు. అవతల గదిలో నూకరత్నం అసలు ఫ్లాస్కు తీసి మూడు ట్యాంకులకీ వడ్డించింది. ముక్తేశ్వరరావు ఆ గది కిటికీలోంచి సముద్రాన్ని అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

అంతవరకూ బాగానే ఉంది. కానీ గాలిపేట రిజిస్టరు పేరు జిల్లా అంతా పాకింది. దాణా తిని నాలిక చచ్చిపోయిన అధికారులందరికీ ఒక్కసారిగా గాలిపేట మీద శ్రద్ధ పుట్టింది. రుచి చూసినవాడు సరిగా చూశాడా అని చూడ్డానికి ఒక ప్రతిరుచి అధికారి వచ్చాడు. రుచి చూసినవాడికి అరగంటలో ఏమన్నా అవుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చోడానికి ఒక వైద్యాధికారి వచ్చాడు. ఆయన ఊరికే కూర్చుంటే బాగుండదని ఆయనకీ ఒక గ్లాసు. పదో రోజుకి ఏడుగురు వరసగా స్టీలు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. ప్రతిరుచి అధికారి తేన్చితే, అది తృప్తి తేన్పా పులితేన్పా అని చర్చించి రిజిస్టరుకెక్కించారు. నూకరత్నం గిన్నెకి బదులు డేగిసాతో చారు పెట్టాల్సొచ్చింది. పెడితే పెట్టింది, వెధవ చారు, మూడు ట్యాంకుల్లో తొంభై వేల కడుపులూ బంగారు చుక్కలతో తిరుగుతున్నాయి. ఆవిడకి అంతకన్నా ఏం కావాలి?

పన్నెండో రోజున అసలు గండం వచ్చింది.

ఆ వేళ నూకరత్నం మైక్రోస్కోపులో చూసి నవ్వుకుంది. పిల్లలన్నీ గుండ్రంగా పీపాల్లా ముడుచుకున్నాయి. రూపం మార్చుకుంటున్నాయన్నమాట. ఈ ఒకటి రెండు రోజులూ నోరు విప్పవు, ఏమీ తినవు. ఆ తరవాత నీళ్ళలో నిలబెట్టిన పలకల మీదికి దిగి, అతుక్కుని, పలకలకి పట్టిన నాచుని సొంతంగా నాక్కుని తింటాయి. అక్కడిదాకా వస్తే బతికినట్టే. అందుకని ఆవిడ ఆ రోజు మేత తియ్యలేదు.

చారు తాగి మూతులు తుడుచుకున్నాక చెంచురామయ్య అడిగాడు. "వడ్డన ఎప్పుడమ్మా?"

"ఇయ్యాల తినరండి."

"ఎవరు తినరు?"

"పిల్లలండి. ఎవరూ తినరు."

ఏడు గ్లాసులూ ఒకేసారి కిందపెట్టిన చప్పుడైంది. ముక్తేశ్వరరావు లేచి, గొంగళిపురుగు గూడు కట్టుకుని కూర్చోదా, అలాగే ఇవీ, అని వివరించాడు. ఎవరి చెవికీ ఎక్కలేదు.

"తొంభై వేలమంది," అన్నాడు ప్రతిరుచి అధికారి, "ఒకే రోజున, ఒకే గంటకి, కూడబలుక్కుని అన్నం మానేశారు. దీన్నేమంటారు?"

అందరికీ తెలుసు ఏమంటారో. చెంచురామయ్య లేచి నిలబడి అన్నాడు. "నిరాహారదీక్ష."

ఇక చూడాలి ఆ హడావిడి! ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నానికల్లా జాయింట్ డైరెక్టరు హైమవతీదేవి రెండు కార్లతో వచ్చేశారు. ట్యాంకుల షెడ్డులో షామియానా లేచింది. ఆవిడ మొదటి ట్యాంకు ముందు కుర్చీ వేయించుకుని ముక్తేశ్వరరావుని పిలిచారు.

"వాళ్ళ డిమాండ్లేమిటి?"

"ఏమీ లేవండి మేడమ్."

"డిమాండ్లు లేకుండా దీక్షా? అయితే దీని వెనక ఎవరో ఉన్నారు. నాయకుడెవరు?"

"అన్నీ ఒకేలా ఉంటాయండి మేడమ్."

"సమష్టి నాయకత్వం," అని ఆవిడ రాసుకున్నారు. "మంచిది. ప్రభుత్వం సానుభూతితో పరిశీలిస్తుంది. ముందు దీక్ష విరమింపజేద్దాం. నిమ్మరసం తెచ్చారా?"

డ్రైవరు పెద్ద పాలక్యాను దింపాడు. నిండా నిమ్మరసం. దీక్ష ఎవరు చేసినా నిమ్మరసంతోనే కదా విరమించేది, ఆవిడ ఎన్ని దీక్షలు చూళ్ళేదు! మూడు ట్యాంకుల్లోనూ స్వహస్తాలతో పొయ్యడానికి గాజుగ్లాసు కూడా తెచ్చుకున్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటున్నాడు.

నిమ్మరసం పడితే ట్యాంకుకో గంట కూడా పట్టదు, తెల్లపొరే. చెప్తే వినేవాళ్ళెవరు? ఏడిస్తే చూసేవాళ్ళెవరు? ముక్తేశ్వరరావు అప్పటికే కళ్ళు మూసేసుకున్నాడు. నూకరత్నం కొంగు బిగించి ముందుకొచ్చింది.

"అమ్మగారూ, తప్పైతే మన్నించండి. రుచి చూడొద్దాండి?"

"ఏమిటీ?"

"ఉత్తర్వులో ఉందంటండి. పిల్లలకి ఏది పోసినా అరగంట ముందు రుచి చూడాలంటండి. మినహాయింపుల్లేవంటండి. రేపు పైనించి అడిగితే మీకు మాటొస్తుందండి."

హైమవతీదేవి చెంచురామయ్య వంక చూశారు. చెంచురామయ్య జేబులోంచి చెంచా తీశాడు.

రుచి చూశాడు. అరగంట కూర్చున్నాడు. "పులుపు ఎక్కువ," అన్నాడు.

పంచదార తెప్పించి కలిపారు. ప్రతిరుచి అధికారి తాను కూడా చూడాలన్నాడు. వైద్యాధికారి ఊరుకుంటాడా? చూశారు. మరో అరగంట. "తీపి ఎక్కువ." నీళ్ళు పోశారు. షామియానా కింద ఉక్క. హైమవతీదేవి రెండో అభిప్రాయం కోసం తానే ఒక గ్లాసు తీసుకున్నారు. చల్లగా ప్రాణానికి హాయిగా ఉంటే, నిర్ధారణ కోసం ఇంకో గ్లాసు. నూకరత్నం వంచిన తల ఎత్తకుండా గ్లాసులు నింపుతూనే ఉంది. "మీరుకూడా చూడండి బాబూ, మీకు తెలిసినంత ఎవరికి తెలుస్తుందండి, ఆయ్!" అని ఫోటోగ్రాఫరుకీ, ఇద్దరు డ్రైవర్లకీ కూడా అందించింది. అయిదో విడతకి చెంచురామయ్య మొహం విప్పారింది.

"ఇప్పుడు సరిగ్గా కుదిరింది మేడమ్!"

నూకరత్నం క్యాను వంచి చూపించింది. అడుగున రెండు గింజలున్నాయి.

ప్రొద్దు వాలుతోంది, హైమవతీదేవికి ఇంకో మీటింగు ఉంది. ఖాళీ గ్లాసుని ట్యాంకు మీదికి వంచి పట్టుకున్నారు, ఫోటో తీశారు. "ప్రభుత్వంతో చర్చలు ఫలప్రదమై లబ్ధిదారులు దీక్ష విరమించారు" అని ప్రకటన వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నానికి పిల్లలు ఒక్కొక్కటే పలకల మీదికి దిగి తినడం మొదలెట్టాయి. దాంతో ప్రకటన కూడా నిజమైపోయింది.

నూకరత్నం ఆ రోజు పూర్ణాలు వండి పంచింది. మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజున మెమో వచ్చింది.

"పలకలపై గల నాచును ఏ అధికారియును రుచి చూడకుండగనే లబ్ధిదారులు భుజించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్లు అనధికారిక ఆహారమును భుజింపనిచ్చినందుకు మీపై చర్య ఏల గైకొనరాదో సంజాయిషీ ఇవ్వగలరు."

నూకరత్నం కూర్చుని తన చేత్తోనే రాసింది. "అయ్యా, ఆకలేసింది, తిన్నారు. బతికే ఉన్నారు. రుచి చూడాలంటే పలకని నాకాలండి."

వెటకారానికి రాసింది పాపం. ప్రభుత్వానికి వెటకారం తెలీదు. వారం తిరక్కుండా "పలకను నాకుటకు" చెంచురామయ్యని నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ముక్తేశ్వరరావు అది చదివి కుర్చీలో కూలబడ్డాడు. చారు తెచ్చి పలకకి పూయలేరు కదా. ఈయన నాకుతాడు. ఉప్పు ఎక్కువ అంటాడు. లోపము కనుగొనబడినచో తక్షణమే. మంచినీళ్ళ గొట్టం అక్కడే గోడకి వేలాడుతోంది.

చెంచురామయ్య వచ్చాడు. ఈసారి చెంచా పనికి రాదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నూకరత్నం నీళ్ళు కారుతున్న పలకని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి నాలిక చాపి, ఈ కొసనుంచి ఆ కొసకి నాకాడు. మొహం వంకరలు పోయింది. రిజిస్టరు కోసం చెయ్యి చాపాడు.

"అరగంట అవాలి కదండి," అంది నూకరత్నం.

అవాలి మరి. రూలంటే రూలే. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి తోడుగా ఏడుగురూ లేరు, పలక నాకాలనేసరికి అందరికీ వేరే పనులొచ్చాయి. గడియారం కదలట్లేదు. నూకరత్నం మైక్రోస్కోపుని మెల్లిగా ఆయన ముందుకి జరిపింది.

"ఊరికే కూర్చున్నారు కదండి. విభాగం గిభాగం వద్దులెండి. ఒక్కసారి."

ఆయన అటూ ఇటూ చూసి, వంగి, అద్దానికి కన్ను ఆనించాడు. అందులో ఒక పిల్ల ఉంది. ఆవగింజలో పదో వంతు ఉండదు. మూతి చుట్టూ అయిదు బుల్లి చేతులు. ఒక చెయ్యి చాపి నాచు అద్దుకుంటోంది, నోట్లో పెట్టుకుని చీకుతోంది. ఆ చెయ్యి తీసి ఇంకో చెయ్యి పెట్టుకుంటోంది. అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే నాక్కుంటున్న చంటిపిల్లలా, తొందర లేకుండా, ఇష్టంగా.

చెంచురామయ్య చాలాసేపు తల ఎత్తలేదు. "ఇరవై రెండేళ్ళు హాస్టళ్ళలో తిరిగానమ్మా," అన్నాడు, కన్ను తియ్యకుండానే. "ముందే రుచి చూసి వెళ్ళిపోయేవాణ్ణి. పిల్లలు తింటుంటే ఎప్పుడూ చూళ్ళేదు."

అద్దంలోకి చూస్తూనే మళ్ళీ అడిగాడు. "నాలుగో ట్యాంకులోవీ ఇలాగే ఉండేవా?"

"ఇలాగే ఉండేవారండి."

గడియారం అరగంట కొట్టింది. ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కుని, పెదాలు తడుపుకుని, రాయడం మొదలెట్టాడు. ముక్తేశ్వరరావు ఆయన భుజం మీంచి తొంగి చూశాడు.

"ఉప్పు సరిపోయింది."

కలం మూత పెట్టి చెంచురామయ్య మంచినీళ్ళడిగాడు. ఇచ్చిన చెంబు గటగటా తాగేసి, ఇంకో చెంబు తెమ్మన్నాడు.